నాయనమ్మ ఇంటి దూలం, బాపు చేసిన ఉయ్యాల బల్ల

మా పెరట్లోని ఉయ్యాల బల్లకు వయసెంత అంటే రెండు లెక్కలు చెప్పాలి. బల్లగా అది తయారైంది 1999లో, బతుకమ్మ పండుగకు ముందు. దాని కట్టె మాత్రం అంతకు ఎన్నో ఏండ్ల ముందు నుంచే మా నాయనమ్మ ఇంటికి దూలంగా, కంబాలుగా, తలుపులుగా పనిచేసింది. నాయనమ్మ కొత్తకోడలిగా కడప దాటి లోపలికి వచ్చేనాటికే ఆ ఇల్లు పాతదట. బాపు, అంటే మా నాన్న, ఆ కట్టెను ఎట్లా దక్కించుకున్నాడో, దాంతో బల్ల ఎట్లా చేశాడో రాసి పెట్టుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. బాపుకు అన్నీ గుర్తున్నప్పుడే ఆ పని చేయాలి కదా.

మా ఊరు పరకాల దగ్గర. నాయనమ్మ వాళ్లది భవంతి ఇల్లు. నడుమ ఆకాశం కనిపించే గచ్చు, దాని నాలుగు మూలలా నాలుగు టేకు కంబాలు, చుట్టూ గూనపెంకల కప్పు. వాన పడితే నాలుగు దిక్కుల నుంచీ నీళ్లు గచ్చులోకి దుంకేవి, తూము గుండా బయటికి పోయేవి. ఎండాకాలం సెలవుల్లో మేం పిల్లలం ఆ గచ్చు మీదే పడుకునేవాళ్లం. గోడలు మట్టివి, మూరెడుకు పైగా మందం. అందుకే మే నెలలో కూడా లోపలి అర్రలో చల్లగా ఉండేది.

అప్పట్లో మా దిక్కు ఇండ్లకు టేకు కట్టె ములుగు, ఏటూరునాగారం అడవుల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేదని పెద్దవాళ్లు చెప్పేవారు. గోదావరి వెంట అక్కడి నుంచి అటు ఆదిలాబాద్ దాకా ఉన్న అడవులు టేకుకు పెట్టింది పేరు. బాగా పెరిగిన చెట్టు, చేవ, అంటే నడిమి ముదురు భాగం, తేలిన కట్టె. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి చెదలు దాని జోలికి అంత తొందరగా పోవు. చుట్టూ ఉన్న తెల్ల కట్టెకు ఆ బలం లేదు, అది త్వరగా పుచ్చిపోతుంది. ఆ ఇల్లు కట్టినవాళ్లు తెల్లదంతా చెక్కేసి చేవ మాత్రమే వాడారని ఇల్లు విప్పినప్పుడు తెలిసింది.

విప్పాల్సిన రోజు 1998 వానాకాలంలో వచ్చింది. తాత పోయాక ఆ ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉండేది. ఎవరు పిలిచినా వచ్చేది కాదు. ఆ ఏడు ముసురుకు పడమటి గోడ నాని నాని ఒక రాత్రి కూలింది. దేవుని దయవల్ల ఆమె పడుకున్నది తూర్పు అర్రలో. తెల్లారి బాపు పోయి మొత్తుకుని, బతిమిలాడి కాజీపేటకు తీసుకొచ్చాడు. కప్పు కూడా ఒరిగింది కాబట్టి ఇక బాగుచేసే పని లేదని పెద్దబాపు, బాపు, చిన్నాయన కలిసి నిర్ణయించారు. పాత టేకు కొనే వ్యాపారి వరంగల్ నుంచి వచ్చి మొత్తానికి ధర కట్టాడు. ముగ్గురికీ సమానంగా పైసలు పంచుకుందామన్నారు.

అప్పుడు బాపు అన్న మాట పెద్దబాపు ఇప్పటికీ చెప్తుంటాడు.

"నాకు పైసలు వద్దన్నా. నడిమింటి దూలం, గచ్చుకాడి కంబాలు నాలుగు, పెద్ద దర్వాజ తలుపులు, కొన్ని వాసాలు నా పాలుకు ఇయ్యిండ్రి. మిగిలినయి మీరిద్దరు అమ్ముకోండ్రి."

"గన్ని కట్టెలు వెట్టుకొని ఏం చేస్తవురా?"

"అవ్వ కూసునేటందుకు ఏదన్న చేస్త."

ఏం చేయాలో అప్పటికి ఆయనకూ తెలియదు. కానీ అవ్వ కోసమే అన్నది మాత్రం ఆ రోజే తేలిపోయింది.

బాపు అప్పుడు కాజీపేట రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టర్. ఇనుముతో ఆయనకు చేతకాని పని లేదు. కట్టె పని మాత్రం కొత్త. ఫాతిమానగర్ దాటాక చిన్న ప్లాటులో రెండు గదుల ఇల్లు మాది, వెనుక కొంచెం జాగ. ఆ జాగలో ఒక జామ చెట్టు, సీతాఫలం, కరివేపాకు, మల్లె పందిరి, గోడ పక్కన వేప. ట్రాక్టరులో వచ్చిన కట్టె అక్కడే దిగింది. బాపు నేల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద కట్టెను వరసలుగా పెట్టి, వరసకూ వరసకూ నడుమ సన్న చెక్కలు వేశాడు, గాలి ఆడటానికి. పైన రేకులు కప్పాడు. అవి చాలా నెలలు అట్లాగే ఉన్నాయి. బట్టలు ఆరేసే తాడుకు జాగ లేకుండా పోయిందని అమ్మ రోజూ సణిగేది. ఆమె బాధ కూడా నిజమే.

ఈలోపు నాయనమ్మ మా ఇంట్లో ఉంటోందే గానీ కుదురుకోలేదు. ఊళ్లో ఆమెకు ఇంటి ముందు అరుగు ఉండేది. పొద్దున తునికాకు కట్టలు కట్టినా, సాయంత్రం దారిన పోయేవాళ్లను పలకరించినా ఆ అరుగు మీదే. మా ఇంటికి అరుగు లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ఆమె కాళ్లు నేలకు అందేవి కావు, మనిషి అంత పొట్టి. కడప మీద కూర్చోకూడదని ఆమె పట్టింపు. అందుకని వెనుక మెట్ల మీద కూర్చుని ఆ కట్టెల దిక్కు చూస్తుండేది. ఒకసారి బాపు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె రేకు పక్కకు జరిపి, దూలం మీద చెయ్యి పెట్టి నిమురుతోంది. ఆ దూలానికి నడుమ ఒక ఇనుప కడియం దిగగొట్టి ఉండేది.

"ఇగో కొడుకా, నీ తొట్టెల కట్టింది గీ కడానికే. మీ అన్నకు, తమ్మునికి గూడ. మీ అక్కకు గూడ గీడనే కట్టినం."

బాపు ఆ రాత్రే కాగితం మీద గీత గీశాడు. పైన దూలం, దానికి గొలుసులు, కింద బల్ల. నాయనమ్మ జీవితమంతా ఏ దూలం కింద పడుకుందో ఆ దూలం మళ్లీ ఆమె తల మీద ఉండాలి. దాని కిందే ఆమె కూర్చోవాలి. ఆ కాగితం మా అమ్మ బియ్యం డబ్బాలో పాత బిల్లుల మధ్య దాచింది, ఇంకా ఉంది.

కట్టె పని కోసం ఊరి వడ్లాయనను పిలిపించాడు బాపు. ఆ పెద్దమనిషిని మేం తాత అనేవాళ్లం, బాపు మామ అనేవాడు. పరకాల బస్సులో ఉలులూ బాడిశె గోనెసంచిలో వేసుకుని దిగాడు. వచ్చీ రాగానే చాయ్ కూడా తాగకుండా దూలం దగ్గరికి పోయి కూర్చున్నాడు. బొటనవేలితో దాని మీది గుంటలను వరసగా తడుముతూ పోయాడు. బాడిశెతో చెక్కిన కట్టె మీద చిన్న చిన్న పల్లాలు ఉంటాయి, చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి.

"ఇది మా నాయన చెయ్యి, అల్లుడా. ఆయనది ఎడమచేతి వాటం. దెబ్బలు సూడు, అన్ని అటు మర్లి ఉన్నయి."

ఆ ఇంటి కప్పు ఎత్తింది ఆయన తండ్రే. ఆ సంగతి బాపుకు కూడా అప్పటిదాకా తెలియదు. దూలానికి రంద పట్టి నున్నగా చేసేది లేదని వడ్లాయన అక్కడికక్కడే తేల్చి చెప్పాడు. దుమ్ము తుడిచి నూనె పెడితే చాలు, ఆ దెబ్బలు అట్లాగే ఉండాలన్నాడు. ఇవాళ్టికీ బల్ల మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తే ఆ పల్లాలు కనిపిస్తాయి. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడ్డప్పుడు ఇంకా స్పష్టంగా.

తర్వాత దాన్ని కొలిచాడు. పొడుగు 8 అడుగులు, వెడల్పూ మందమూ 6 అంగుళాలు. కట్టె లెక్క ఎట్లా కడతారో నాకు అప్పుడే నేర్పాడు: పొడుగు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని, మూడూ గుణించి 144తో భాగించాలి. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది, దాన్ని ఇంకో ఆరుతో గుణిస్తే 288. 144తో భాగిస్తే 2 ఘనపుటడుగులు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. బళ్లో నేర్చుకున్న గుణకారం ఒక వస్తువు మీద పనిచేయడం చూడటం నాకు అదే మొదలు. ఆ వారమంతా ఇంట్లో కనిపించిన ప్రతి చెక్కకూ లెక్క కట్టాను.

దూలాన్ని ముట్టుకోలేదు గానీ తలుపులనూ వాసాలనూ కోత మిషన్‌లో కోయించాలి. అక్కడ ఒక చిక్కు వచ్చింది. పాత కట్టె అంటే మిషన్ వాళ్లు వెనకాడతారు. లోపల ఎక్కడో విరిగిన మేకు ఉంటే రంపం పండ్లు రాలిపోతాయి, ఒక్కోసారి బ్లేడే తెగుతుంది. పక్కనున్న మనిషికి కూడా ప్రమాదం. ఒక్క మేకు లేకుండా తెస్తేనే కోస్తామన్నారు. ఆ తలుపులకేమో కమ్మరి కొట్టిన నాటు మేకులు, తల మీద పువ్వు లాంటి బిళ్లలు, ఎన్నో తరాల తోరణాల చీలలు. పైకి కనిపించేవి పట్టకారుతో వచ్చేశాయి. లోపల తెగి ఉండిపోయినవే కష్టం.

బాపు ఒక పాత రేడియో స్పీకర్ నుంచి అయస్కాంతం ఊడదీశాడు. దానికి దారం కట్టి, కట్టె మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా నడిపించేవాడు. మేకున్న చోట దారం కొద్దిగా వంగి, అయస్కాంతం టక్కున అతుక్కునేది. అక్కడ నేను సుద్దముక్కతో గుండ్రంగా గీసేదాన్ని. తమ్ముడు తీసిన మేకులను డబ్బాలో వేసేవాడు. సన్న ఉలితో చుట్టూ కొంచెం తవ్వి, పట్టకారుతో పట్టి, పట్టకారు కింద చిన్న చెక్క పెట్టి వెనక్కి వంచితే మేకు కీచుమంటూ వచ్చేది. చెక్క పెట్టకపోతే పట్టకారు నేరుగా కట్టె మీద ఆని దాన్ని నొక్కేస్తుంది. నాటు మేకులు గుండ్రంగా ఉండవు, నాలుగు పలకలుగా ఉంటాయి, మొన దిక్కు సన్నగిల్లుతాయి. టేకుకూ ఇనుముకూ తడి తగిలితే నల్ల మరక పడుతుంది, ఆ మరక మేకు చుట్టూ లోతుదాకా ఉండేది. ఆ నల్ల చుక్కలు బల్ల మీద ఇప్పటికీ ఉన్నాయి, ఏ చెక్క ఏ తలుపుదో వాటిని బట్టే గుర్తుపడతాం.

తొట్టెల కడియం మాత్రం తీయలేదు. నాయనమ్మ తీయనియ్యలేదు.

కోత మిషన్ దగ్గర మొదటి చెక్క విడిపోయినప్పుడు వచ్చిన వాసన నేను మరిచిపోలేను. బయట మట్టికొట్టుకుపోయి నల్లగా ఉన్న తలుపు, లోపల తేనె రంగులో ఉంది. కొంచెం తోలు వాసన, కొంచెం నూనె వాసన కలిసి, ముక్కులో చాలాసేపు ఉండిపోయింది. మిషన్ నడిపే ఆయన కూడా చెక్కను చేతిలోకి తీసుకుని, ఇట్లాంటి కట్టె ఇప్పుడెక్కడ దొరుకుతుందని చాలాసేపు చూశాడు. ప్లాంటేషన్ టేకు తొందరగా పెంచి తొందరగా కొట్టేస్తారు, దాంట్లో తెల్ల కట్టె పాలే ఎక్కువ. అందుకే నా మాట ఏమిటంటే, పాత ఇల్లు విప్పుతున్నారంటే కట్టెను వచ్చిన ధరకు వదిలేయకండి. ఒక్క తలుపైనా ఉంచుకోండి.

అసలు పని మొదలయ్యాక బాపుకూ వడ్లాయనకూ పడేది కాదు. బాపుకు బోల్టు మీద నమ్మకం. రైలింజనుకు పనికొచ్చింది బల్లకు పనికిరాదా అనేవాడు. వడ్లాయనకు కట్టెలో కట్టె కూర్చడం మీద నమ్మకం. ఒకదానికి తొర్ర తీసి, ఇంకోదానికి నాలుక చెక్కి, లోపలికి దిగగొట్టి, అడ్డంగా కట్టె చీల వేసేది ఆయన పద్ధతి.

"కట్టె బతికే ఉంటది అల్లుడా. వానకాలం ఉబ్బుతది, ఎండకాలం గుంజుకుంటది. కట్టె చీల దాంతోని కలిసి కదులుతది. ఇనుము కదలదు. నాలుగేండ్లకు బోల్టు తొర్ర లూజ్ అయితది."

"లూజ్ అయితే స్పానర్‌తోని బిగిస్త మామా. నీ చీల లూజ్ అయితే ఎవలు బిగిస్తరు?"

ఇద్దరి మాటలోనూ నిజముంది. చివరికి ఇద్దరూ చెరో భాగం పంచుకున్నారు. కూర్చునే బల్ల, వీపు, చేతులు అన్నీ వడ్లాయన పద్ధతిలో. నిలబెట్టే స్టాండుకు బాపు బోల్టులు, కింద వెడల్పు వాషర్లతో, ఏడాదికోసారి బిగించేట్టు. ఇన్నేండ్ల తర్వాత చూస్తే ఆ పంపకమే సరైనదనిపిస్తుంది. బల్ల అతుకులు ఒక్కటీ కదలలేదు. బాపు కూడా ప్రతి ఉగాదికి స్పానర్ పట్టుకుని స్టాండు చుట్టూ తిరగడం మానలేదు.

కొలతల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మామూలుగా బల్ల నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తులో ఉండాలి. నాయనమ్మను మెట్టు మీద కూర్చోబెట్టి, మోకాలి మడత నుంచి మడమ దాకా టేపుతో కొలిచాడు బాపు. 15 అంగుళాలు వచ్చింది. బల్ల ఎత్తు 15 పెట్టమన్నాడు. వచ్చిన చుట్టాలు ఇబ్బంది పడతారని అమ్మ అంది. "సుట్టాలు గంటసేపు ఉంటరు, అవ్వ రోజంత ఉంటది" అన్నాడు బాపు. అంతటితో ఆ మాట ముగిసింది.

వీపు ఎంత వాలుగా ఉండాలో కాగితం మీద తేలలేదు. ఇటుకలు పేర్చి వాటి మీద ఒక చెక్క, వెనుక ఇంకో చెక్క నిలబెట్టి, నాయనమ్మను కూర్చోబెట్టి, వెనుక చెక్కను కొంచెం కొంచెంగా వాల్చుతూ పోయారు. "గట్లనే ఉంచు" అని ఆమె అన్న చోట వడ్లాయన గునియా పెట్టి గీత గీశాడు. నిటారు కంటే పదిహేను డిగ్రీల దాకా వెనక్కి వచ్చింది. లోతు 18 అంగుళాలు. అంతకంటే లోతుంటే పొట్టివాళ్లకు వీపు ఆనదు, కాళ్లు వేలాడతాయి. కూర్చునే చెక్కలు ఒక్కొక్కటి రెండున్నర అంగుళాల వెడల్పు, నడుమ పావు అంగుళం సందు, వాన నీళ్లు నిలవకుండా. ముందు చెక్క అంచును గుండ్రంగా రంద పట్టాడు, తొడ కింద ఒరుసుకోకుండా. ఆ అంచు మీద వడ్లాయన పెట్టిన శ్రద్ధ చూడాల్సింది. పాలిష్ కాగితంతో రుద్దడం, కళ్లు మూసుకుని అరచేతితో తడమడం, మళ్లీ రుద్దడం. కంటి కంటే చెయ్యి గట్టిదని చెప్పేవాడు.

స్టాండు కాళ్లు గచ్చు కంబాలు నాలుగూ. వాటి అడుగు భాగం ఎన్నో ఏండ్ల తడికి పాడైంది, అంతవరకు కోసేశారు. అటు రెండు, ఇటు రెండు, పైన కలిసి కింద విడిపోయేట్టు నిలబెట్టి, మీద దూలం ఎక్కించారు. దూలం నేలకు 7 అడుగుల ఎత్తు. కాళ్లను మట్టిలో పాతితే ఎంత టేకైనా తడికీ చెదలకూ లొంగుతుంది. అందుకని నాలుగు రాతి కడీ ముక్కలు తెప్పించి, నేలలో పాతి, కట్టె నేలకు ఆనకుండా వాటి మీద ఇనుప పట్టీలతో బిగించాడు. రాయికి మా దగ్గర కరువు లేదు, వరంగల్ చుట్టుపక్కల ఎటు చూసినా గ్రానైట్ గుట్టలే. మాది మొరం నేల కాబట్టి కడీలు కదలలేదు. రేగడి నేల ఉన్నవాళ్లు ఇంకా లోతుకు పోవాలి, ఎండకు పగిలి వానకు ఉబ్బే నేల అది.

దూలం పైకి ఎక్కిన సాయంత్రం మా అన్న, అంటే పెద్దబాపు కొడుకు, వచ్చాడు. అప్పుడు వరంగల్ ఆర్ఈసీలో ఇంజనీరింగ్ చదివేవాడు, ఇప్పుడు ఆ కాలేజీని ఎన్ఐటీ అంటున్నారు. గొలుసులు చూసి ఒక సంగతి చెప్పాడు. ఊగేటప్పుడు బల్ల కిందికి వచ్చే క్షణంలో గొలుసు మీద పడే బరువు మనుషుల బరువు కంటే ఎక్కువుంటుందట. 60 డిగ్రీల దాకా ఎత్తి వదిలితే సరిగ్గా రెట్టింపు అవుతుందట. బాపు అది విని మర్నాడే సన్న గొలుసు వాపసు ఇచ్చి లావుది తెచ్చాడు. స్క్రూ కొక్కేలు కూడా వద్దని, దూలం ఆరపార పోయే కొండీ బోల్టులు వేశాడు. గొలుసు ఒరుసుకునే చోట షెడ్డు అలవాటు కొద్దీ ఇత్తడి బుష్ పెట్టి గ్రీజు నింపాడు. ఆ బుష్‌ల వల్ల బల్ల కిర్రుమనదు. నాయనమ్మ నిద్ర తేలిక, చప్పుడుకు లేచేది.

బరువు పరీక్షకు సిమెంట్ బస్తాలు వేశారు. ఒక్కోటి 50 కిలోలు, ఆరు బస్తాలు, 300 కిలోలు. ఒక రాత్రంతా ఉంచి, తెల్లారి దూలం కింద దారం పట్టి చూశారు. వెంట్రుకవాసి కూడా వంగలేదు. వడ్లాయన ఏమీ అనలేదు, దూలాన్ని ఒకసారి అరచేత్తో తట్టాడు.

అన్న చెప్పిన ఇంకో మాట మాకు ఆటైపోయింది. ఊపు ఒకసారి పోయి రావడానికి పట్టే టైం గొలుసు పొడుగును బట్టి ఉంటుంది గానీ బరువును బట్టి కాదట. నమ్మలేదు మేము. నాయనమ్మను ఒక్కదాన్ని కూర్చోబెట్టి బాపు చేతి గడియారంతో లెక్కపెట్టాం, పది ఊపులకు దాదాపు ఇరవై అయిదు సెకన్లు. తర్వాత వాడకట్టు పిల్లలమంతా ఇరుక్కుని కూర్చుని లెక్కపెట్టాం. అంతే వచ్చింది. లోలకం పాఠం బళ్లో వచ్చినప్పుడు నేను చెయ్యెత్తి ఈ సంగతి చెప్తే సారు మురిసిపోయి క్లాసంతా చప్పట్లు కొట్టించాడు.

పైపూతగా బాపు వార్నిష్ అనుకున్నాడు. వడ్లాయన వద్దన్నాడు. బయట ఎండకు వార్నిష్ పొరలు పొరలుగా లేస్తుంది, మళ్లీ వేయాలంటే మొత్తం గీకాలి. అవిసె నూనెలో కొంచెం టర్పెంటైన్ కలిపి గుడ్డతో రుద్దమన్నాడు. కట్టె ఎంత తాగితే అంత పెట్టడం, తాగనిది తుడిచేయడం. ఆ గుడ్డల గురించి మాత్రం గట్టిగా చెప్పాడు. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలకు పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి గోడ మీద ఆరేయాలి. ఇంట్లో చేసుకునేవాళ్లెవరైనా ఈ ఒక్కటి మరవకండి.

బతుకమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎంగిలిపూల నాడు తంగేడు, గునుగు పూలన్నీ తెచ్చి ఆ బల్ల మీదే పోశాం. నాయనమ్మ ఒక చివర కూర్చుని గునుగు పూలు కట్టలు కడుతూ, కాలి బొటనవేలితో నేలను నెడుతూ మెల్లగా ఊగింది. బొటనవేలు నేలకు అందింది. బాపు అది చూసి అమ్మ వంక చూశాడు. సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి మా పెరట్లోనే ఆడారు. ప్రతి చరణం చివరా ఉయ్యాలో అని వస్తుంటే నాయనమ్మ బల్ల మీది నుంచే గొంతు కలిపింది. కాజీపేటకు వచ్చాక ఆమె పాడగా వినడం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాత ఏడేండ్లు ఆ బల్ల ఆమెదే. పొద్దున ఎండ పొడ పడేదాకా దాని మీదే చాయ్. దారిన పోయేవాళ్లు గోడ మీదుగా పలకరించేవాళ్లు. కరెంటు పోయిన ఎండాకాలపు రాత్రులు అందరం పెరట్లోకి వచ్చేవాళ్లం, ఆమె పక్కన జాగ కోసం నేనూ తమ్ముడూ కొట్లాడేవాళ్లం. నేను ఎంసెట్‌కు చదివింది దాని మీదే. అక్క పెండ్లి మాటలు నడిచింది దాని మీదే. పెద్దబాపు వచ్చినప్పుడల్లా ముందుగా దూలం మీది కడియాన్ని ఒకసారి ముట్టుకుని తర్వాత కూర్చునేవాడు. తన పాలు పైసలు ఎటు పోయినయో తెల్వదు గానీ తమ్ముని పాలు మాత్రం కండ్ల ముందే ఉన్నదని ఒకసారి బాపు భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

అక్కకు బిడ్డ పుట్టినప్పుడు తొట్టెల ఆ కడియానికే కట్టాం. నాయనమ్మ కట్టించింది. ముడి ఎట్లా వేయాలో తానే చూపించింది. అప్పటికి ఆమెకు చూపు మందగించింది, చేతులు మాత్రం ముడిని మరవలేదు.

ఆమె పోయాక కొన్నాళ్లు దాని మీద ఎవ్వరం కూర్చోలేకపోయాం. కోతులు కూర్చునేవి. మా దిక్కు కోతుల సంగతి తెలిసిందే, జామకాయలన్నీ తెంపి, ఆ బల్ల మీదే తిని, ఊగి పోయేవి. ఒకనాడు బాపు కట్టె పట్టుకుని వాటిని వెళ్లగొట్టి, బల్లంతా కడిగి, తానే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మళ్లీ మామూలైంది.

ఇప్పుడు ఇనుప స్టాండు, కేన్ బుట్ట ఉయ్యాలలు దుకాణాల్లో బోలెడు. అందంగానే ఉంటాయి. కానీ మా ఎండలకు, 44 డిగ్రీల మధ్యాహ్నం, ఇనుము మీద చెయ్యి పెట్టలేం. టేకు మీద కూర్చోవచ్చు. ఒక్కరే ముడుచుకుని కూర్చునే బుట్ట నాకు నచ్చదు కూడా. ఉయ్యాల అన్నాక పక్కన ఇంకో మనిషికి జాగ ఉండాలి.

ఇన్నేండ్లలో కూర్చునే చెక్కలు రెండు మార్చాం, గొలుసు ఒకసారి మార్చాం. గొలుసు మార్చిన రోజు బల్ల ముందుకు వాలినట్టు అనిపిస్తే, వెనుక గొలుసును ఒక్క లంకె కిందికి దించాడు బాపు, వీపు మళ్లీ పాత తీరుకు వచ్చింది. ఎండా వానలకు కట్టె బూడిద రంగుకు తిరిగింది, నూనె పెట్టిన కొన్ని నెలలు తేనె రంగు తిరిగొస్తుంది. బాపుకు డెబ్బై దాటాయి. వంగి బోల్టులు బిగించడం కష్టమైంది, అయినా స్పానర్ ఇంకొకరికి ఇవ్వడు. పక్కన నిలబడి ఏ బోల్టు తర్వాత ఏదో చూసుకోమంటాడు.

మొన్న నా బిడ్డ తన గదికి చిన్న ఉయ్యాల బల్ల కావాలంది. వాసాలు కొన్ని ఇంకా మెట్ల కింద ఉన్నాయి. ఊరి వడ్లాయన లేడు, ఆయన మనుమడు ములుగు రోడ్డులో మిషన్లతో పని చేస్తున్నాడు, ఫోన్ చేస్తే రెండు వారాల తర్వాత కోతకు తెమ్మన్నాడు, మేకులుంటే మాత్రం కోయనన్నాడు. బాపు వెంటనే లేచి పోయి అటక మీది డబ్బా దింపించాడు. స్పీకర్ అయస్కాంతం దాంట్లోనే ఉంది. ఈ ఆదివారం వాసాలు బయటికి తీస్తున్నాం, సుద్దముక్క పట్టుకునేది మా బిడ్డ.